బెత్తం వద్దన్న బడుల ఇన్‌స్పెక్టరు చలం

తెనాలి: చలం పేరు చెప్పగానే ‘మైదానం’ నవల, దానిమీద రేగిన దుమారం గుర్తుకు వస్తాయి. ఆయన బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేశారనీ, పిల్లల పెంపకంపై ‘బిడ్డల శిక్షణ’ అనే పుస్తకం రాశారనీ మన పల్లెల్లో ఎరిగినవారు తక్కువ.

గుడిపాటి వెంకటచలం 1894 మే 18న మద్రాసులో జన్మించారు. తండ్రి కొమ్మూరి సాంబశివరావు, తల్లి వెంకటసుబ్బమ్మ. తల్లిగారి తండ్రి వెంకటరామయ్య దత్తత తీసుకోవడంతో ఇంటిపేరు గుడిపాటి అయింది. హైస్కూలు చదువు తెనాలిలో సాగింది. తండ్రి కాఠిన్యాన్నీ, తల్లి పడిన బాధలనూ ఆయన చిన్ననాడే చూశారు. ఆ ముద్ర జీవితాంతం చెరగలేదు. కాకినాడ, మద్రాసులలో పైచదువులు చదివి ఉపాధ్యాయులయ్యారు. తర్వాత విద్యాశాఖలో ఇన్‌స్పెక్టరై బడుల తనిఖీకి ఊళ్లు తిరిగారు.

ఆ రోజుల్లో బడి అంటే బెత్తమే. గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం, కోదండం మామూలు శిక్షలు. ఎముకలు నాకు మిగిల్చి తోలు మీరు తీసుకోండన్నట్లుగా తండ్రులే పిల్లల్ని పంతులుగారికి అప్పగించేవారు. ఇంట్లో అన్నం తినకపోతే బూచాడి భయం. దండించనిదే చదువు రాదని అందరూ నమ్మిన కాలమది.

చలం ఆ నమ్మకాన్నే తప్పుపట్టారు. బిడ్డలు తల్లిదండ్రుల ఆస్తి కారన్నది ఆయన వాదం. కొడితే పిల్లవాడికి భయం తప్ప బుద్ధి రాదనీ, ఆ భయమే అబద్ధాలు నేర్పుతుందనీ హెచ్చరించారు. తమ కోపం తీర్చుకోవడానికి కొట్టి, వాడి మంచికేనని చెప్పుకునే పెద్దలను ఆయన వదిలిపెట్టలేదు. పిల్లలకు ముందు కావలసింది ప్రేమ, స్వేచ్ఛ అని చాటారు.

ఆయన రాతలు, జీవన విధానం నచ్చక సంఘం ఆయనను దూరం పెట్టింది. 1950లో కుటుంబంతో అరుణాచలం వెళ్లి స్థిరపడ్డారు. 1979 మే 4న అక్కడే కన్నుమూశారు.

ఆయన పోయిన ముప్ఫై ఏళ్లకు, 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లలను కొట్టడాన్నీ, మనసు నొచ్చేలా వేధించడాన్నీ నిషేధించింది. అయితే చట్టం బెత్తాన్ని ఆపగలదు గాని, పంతులమ్మ ముఖాన నవ్వు తేలేదు. మిరపకోతల రోజుల్లో తెల్లవారగానే తల్లి కూలికి వెళ్తే, మూడేళ్ల బిడ్డ అంగన్‌వాడీ గడపలో ఏడుస్తూ నిలబడతాడు. అప్పుడు వాడికి కావలసింది అ ఆలు కాదు. పేరుపెట్టి పిలిచి, చేరదీసి, ఏడుపు తగ్గేదాకా దగ్గర కూర్చోబెట్టుకునే మనిషి. ఆ దగ్గరతనం కుదిరాక అక్షరాలు వాటంతటవే వస్తాయి.

చలం ఇతర రచనలతో ఏకీభవించని వారు సైతం, ఇంట్లో పసిబిడ్డ ఉంటే ‘బిడ్డల శిక్షణ’ ఒకసారి చదవదగినది.