6174 ఆంతర్యాన్ని దర్శించిన బడిపంతులు కాప్రేకర్

మహారాష్ట్రలోని దేవలాలీ పాఠశాలలో మూడు దశాబ్దాలకు పైగా పాఠాలు చెప్పిన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ పేరు నేడు 6174 సంఖ్యతో పెనవేసుకుపోయింది. 1905లో దహానులో జన్మించిన ఆయన, పుణెలోని ఫెర్గూసన్ కళాశాలలో చదివి 1929లో పట్టభద్రులయ్యారు. ఉన్నత పరిశోధన పట్టాలేవీ ఆయనకు లేవు.

6174 విశేషాన్ని ఆయన 1949లో మద్రాసులో జరిగిన గణిత సదస్సులో వెల్లడించారు. నాలుగూ ఒకే అంకె కాని ఏ నాలుగంకెల సంఖ్యనైనా తీసుకొని, అంకెలను అవరోహణ, ఆరోహణ క్రమాల్లో పేర్చి, పెద్దదానిలో నుంచి చిన్నదాన్ని తీసివేయాలి. సున్నాలను విడవకుండా నాలుగు స్థానాలతోనే లెక్కిస్తూ, వచ్చిన ఫలితంతో అదే పద్ధతిని కొనసాగించాలి. గరిష్ఠంగా ఏడు తీసివేతల్లో 6174 వస్తుంది. 7641లో నుంచి 1467 తీసివేసినా మిగిలేది 6174 కనుక, ఆపై ఫలితం మారదు. కాప్రేకర్ జన్మ సంవత్సరమైన 1905తో ఆరంభిస్తే సరిగ్గా ఏడవ తీసివేతలో ఆ సంఖ్య ప్రత్యక్షమవుతుంది.

స్వదేశంలో పలువురు గణితవేత్తలు దీనిని అంకెల వినోదంగానే భావించారు. ఆయన మాత్రం తన అన్వేషణను విడువలేదు. 1975లో మార్టిన్ గార్డ్‌నర్ అమెరికా పత్రికలో రాసిన వ్యాసం కాప్రేకర్‌ను ప్రపంచానికి పరిచయం చేసింది. 1986లో ఆయన కన్నుమూశారు. 6174 కాప్రేకర్ స్థిరాంకంగా గణితశాస్త్రంలో నిలిచిపోయింది.