డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

విద్య పరీక్షతో ముగియునని తలచువారు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము తప్పక చదువవలెను. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిన ఈ మహనీయుడు బాల్యమున ప్రథమశ్రేణి విద్యార్థి కాడు. మూడవ ప్రయత్నమున గాని మెట్రిక్యులేషను గట్టెక్కలేదు.

మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు గాంధీమహాత్ముని పిలుపు నాలకించి ఖద్దరు ధరించెను. శస్త్రచికిత్స బోధించు ఆంగ్లేయాచార్యునకు అది రుచింపలేదు. తత్ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమే లభించెను. ఆ యౌవనముననే అన్నగారగు పురుషోత్తముగారిని స్ప్రూ అను సంగ్రహణి వ్యాధి బలిగొనెను. దానికి సరియైన మందు నాడు లోకమున లేదు. ఆ దుఃఖమే ఆయనను పరిశోధనవైపు నడిపించెను.

1922లో సుబ్బారావుగారు అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు తీయు కొలువు చేసి పొట్టపోసికొనుచు, పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివిరి. అచ్చట సైరస్ ఫిస్కే అను ఆచార్యుడు వారిని తన ప్రయోగశాలలో చేర్చుకొనెను. రక్తములోను మూత్రములోను భాస్వర మెంత యున్నదో కొలుచుట వారు చేపట్టిన పని. మాలిబ్డేటు చేర్చి నీలవర్ణము పుట్టించి, ఆ రంగు గాఢతనుబట్టి భాస్వర పరిమాణము తెలిసికొను విధానమును 1925లో ప్రకటించిరి. అది నేటికిని గురుశిష్యులిద్దరి పేరుతోడనే పిలువబడుచున్నది. ఆ కొలతయే దారిచూపగా, కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిను 1927లోను, ఏ.టి.పి. 1929లోను వారికి దొరకెను.

అంత చేసినను హార్వర్డులో స్థిరమైన ఉద్యోగము లభింపలేదు. 1940లో లెడర్లీ ఔషధసంస్థలో చేరి పరిశోధకులకు నాయకత్వము వహించిరి. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అన్నగారిని చంపిన స్ప్రూ వ్యాధికి అదియే మందయ్యెను. బోదకాలు వ్యాధికి హెట్రజాను, రక్తపు క్యాన్సరు సోకిన శిశువులకు అమినాప్టెరిను ఆ బృందపు కృషిఫలములే. 1948 ఆగస్టులో, 53వ యేట, ఆయన న్యూయార్కు ప్రాంతమున కన్నుమూసిరి. భారతప్రభుత్వము 1995లో ఆయన పేర తపాలాబిళ్ల వెలువరించెను.

పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతముల మందుల కర్మాగారములలో మన పల్లెల బిడ్డలెందరో పనిచేయుచున్నారు. 2008లో నెలకొని ఇప్పుడు కందిలోనున్న ఐ.ఐ.టి.లో విద్యార్థులు ఆచార్యుల చెంత పరిశోధన నేర్చుచున్నారు. పరీక్ష తప్పిన బాలుని తండ్రి వానిని చదువు మాన్పింప దలచినచో, ముందుగా ఈ చరిత్రమును తలచుకొనవలెను.