బ్లూస్ వరసలో ప్రార్థన గీతం : థామస్ డోర్సీ జీవితం

మా ఊరి రామమందిరంలో శనివారం శనివారం భజన జరుగుతుంది. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా ఈడు కుర్రాడొకడు, అప్పట్లో ఎక్కడ చూసినా మోగిపోతున్న ఒక సినిమా పాట వరసలో రాముడి మీద పాట కట్టి హార్మణీ మీద అందుకున్నాడు. కుర్రకారు తాళాలు దంచేశారు. పెద్దవాళ్ళు మాత్రం లేచి బయటికి వెళ్ళిపోయారు. దేవుడి ముందు రికార్డింగ్ డాన్సు పాటలేమిటని వారం రోజులు గొడవ. మా నాన్న అక్కడ ఎటూ మాట్లాడలేదు గాని, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ వరస బాగానే కుదిరిందిరా అన్నాడు.

సరిగ్గా ఇదే గొడవ, ఇంతకు వెయ్యిరెట్లు పెద్దదిగా, 1930 ప్రాంతంలో అమెరికాలోని షికాగో నగరంలో నల్లజాతి వారి చర్చిల్లో జరిగింది. అందుకు కారకుడు థామస్ ఆండ్రూ డోర్సీ. గాస్పెల్ సంగీతానికి పితామహుడని ఈనాడు లోకం కీర్తించే ఈ వ్యక్తి అంతకు పూర్వం సారా దుకాణాల్లోనూ, చాటుమాటు విందుల్లోనూ పియానో వాయించి పొట్టపోసుకున్నవాడు. పాల్ రాబ్సన్ పేరు మన కళాశాలల్లో చాలామందికి తెలుసు. డోర్సీ పేరు అంతగా తెలియదు. ఆయన పాట మాత్రం తెలియకుండానే చాలామంది వినే ఉంటారు.

డోర్సీ 1899 జులై 1న జార్జియా రాష్ట్రంలో విల్లా రికా అనే చిన్న ఊళ్ళో జన్మించాడు. తండ్రి బాప్టిస్టు ప్రబోధకుడు. ఆ పని కడుపు నింపేది కాదు కనుక పాలికి సేద్యం కూడా చేసేవాడు. అక్కడి పాలు సేద్యం గురించి చదువుతుంటే నాకు పరాయి దేశం సంగతి చదువుతున్నట్టు అనిపించలేదు. విత్తనాలు, పనిముట్లు, ఆఖరికి తిండిగింజలు కూడా అప్పు తెచ్చుకోవడం, పంట చేతికొచ్చాక లెక్క చూస్తే ఇంకా మనమే బాకీ తేలడం. తల్లి ఎట్టా ఆర్గన్ వాయించేది. ఆ ఇంట్లో కుర్రవాడి చెవిన పడిన మొదటి సంగీతం అదీ, నల్లవారు పొడుగ్గా మూలుగులాగా సాగదీసి పాడే చర్చి పాటలూ.

1908లో సేద్యం గిట్టక ఆ కుటుంబం అట్లాంటా నగరానికి వలసపోయింది. పల్లెలో నలుగురూ గౌరవించే ప్రబోధకుడి కొడుకు, పట్నంలో ఎవరూ పట్టించుకోని పేదవాడి కొడుకయ్యాడు. బడిలో ఇమడలేకపోయాడు. నాలుగో తరగతితో, 12 ఏళ్ళ వయసులో, చదువుకు స్వస్తి చెప్పాడు. నల్లవారి వినోదశాల ఒకటి 81 థియేటర్ అనే పేరుతో ఉండేది. అందులో చిరుతిళ్ళు, పానీయాలు అమ్మే పనికి కుదిరాడు. మా రేనీ, బెస్సీ స్మిత్ వంటి మహా గాయనులను అక్కడే చూశాడు. పియానో వాయించేవాళ్ళ వేళ్ళు ఎలా కదులుతున్నాయో గమనించి గమనించి నేర్చుకున్నాడు.

ఇక్కడ బ్లూస్ సంగీతం గురించి రెండు ముక్కలు చెప్పాలి. సాధారణంగా 12 బార్లలో ఒక చుట్టు పూర్తవుతుంది, మళ్ళీ మొదలు. ఒక మాట పాడి, అదే మాట మళ్ళీ పాడి, మూడోసారి దానికి జవాబు చెబుతారు. పాశ్చాత్య మేజర్ స్కేలులోని గాంధారాన్ని, నిషాదాన్ని వాటి స్థానం నుంచి కాస్త కిందికి జార్చి పలుకుతారు. ఆ జారుడులోనే ఏడుపుంది. మన గమకం తెలిసినవాళ్ళకు ఇది వెంటనే పట్టుబడుతుంది. పియానోలో రెండు మెట్లకు మధ్యనున్న స్వరం పలకదు, దాని తీగలు స్థిరమైన పౌనఃపున్యాలకు బిగించి ఉంటాయి. అందుకని పక్కపక్క మెట్లు రెండింటినీ నలిపినట్టు కొట్టి ఆ భ్రమ కలిగిస్తారు. డోర్సీ ఇందులో ఆరితేరాడు.

1910ల చివరికి షికాగో చేరాడు. దక్షిణాది నుంచి లక్షలాది నల్లవారు ఉత్తరాది నగరాలకు తరలిపోతున్న కాలమది. మద్యనిషేధం రోజుల్లో దొంగచాటు విందుల్లో, పోలీసుల చెవిన పడకుండా ఎంత మెల్లగా వాయించేవాడంటే గుసగుసల పియానో వాద్యగాడని పేరొచ్చింది. పగలు కూలి, రాత్రి పియానో, మధ్యలో సంగీతం చదువు. ఏ మనిషి తట్టుకుంటాడు? 1920లో మనసు చెదిరి మంచానపడ్డాడు. తల్లి చేరదీసి అట్లాంటాలో కోలుకునేలా చేసింది.

1921లో షికాగోలో జాతీయ బాప్టిస్టు మహాసభ జరిగింది. అక్కడ నిక్స్ అనే ప్రబోధకుడు పాడిన తీరు విని డోర్సీ కదిలిపోయాడు. చర్చి పాటే, కాని స్వరాలను విరుస్తూ, సాగదీస్తూ, బ్లూస్ గాయకుడిలాగే పాడాడు. తానూ భక్తిపాటలు రాయాలని నిశ్చయించుకున్నాడు. అయితే అందులో డబ్బు లేదు. 1924లో మా రేనీ (ఆ మా అంటే అమ్మ అని) తన జట్టుకు నాయకుడిగా పిలిస్తే ఆమె వెంట ఊరూరా తిరిగాడు. 1925లో నెట్టీ హార్పర్‌ను వివాహమాడాడు. రోజులు బాగున్నాయనుకున్నాడు.

1926లో ఒకరోజు వాయిస్తూ ఉండగా చేతులు స్థిమితం తప్పాయి. అది మొదలు రెండేళ్ళపాటు ఏ పనీ చేయలేకపోయాడు. జబ్బేమిటో వైద్యులకు అంతుపట్టలేదు. నెట్టీయే పనిచేసి ఇల్లు నడిపింది. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన కూడా ఆయనకు వచ్చింది. ఈ దినాల్లో దీనిని మానసిక కుంగుబాటని స్పష్టంగా పేరుపెట్టి వైద్యం చేస్తారు. ఆనాడు, అందులోనూ ఒక నల్ల పియానో వాద్యగాడికి, ఆ అవకాశం ఎక్కడిది?

1928లో వదిన బలవంతం మీద చర్చికి వెళ్ళాడు. అక్కడ హేలీ అనే బిషప్ ఆయన కోసం ప్రార్థన చేసి, గొంతులోంచి ప్రాణమున్న పామును లాగి పారేశాడట. ఇది డోర్సీ తానే జీవితాంతం చెప్పుకున్న సంగతి. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదువుతున్న నేను గొంతులో పామును ఒప్పుకోలేను. ఒప్పుకుంటే మా ప్రయోగశాలలో అడుగుపెట్టనివ్వరు! కాని ఆ రోజు నుంచి మనిషి లేచి తిరిగాడన్నది నిజం. దాదాపు ఆ రోజుల్లోనే పొరుగున ఉండే స్నేహితుడొకరు హఠాత్తుగా చనిపోయాడు. చావవలసిన నేను బతికాను, బతకవలసినవాడు పోయాడన్న దిగులుతో ఒక భక్తిపాట రాశాడు. దేవుడికి అంకితమవుతానని మొక్కుకున్నాడు.

మామూలుగా జీవితచరిత్రలు ఇక్కడితో పాత జీవితాన్ని తెగ్గొట్టేస్తాయి. డోర్సీ కథ అలా తెగదు. అయిదు డాలర్లు అప్పుచేసి 500 పాటల కాగితాలు దేశంలోని చర్చిలకు పంపాడు. ఎంతకాలానికీ ఒక్కరూ జవాబివ్వలేదు. అదే సంవత్సరం టాంపా రెడ్ అనే గిటారు వాద్యగాడు ఒక బూతు పాట పట్టుకొచ్చి వరస కట్టమన్నాడు. మొక్కు గుర్తొచ్చి మొదట వద్దన్నాడు. ఇంట్లో పరిస్థితి చూసుకుని ఒక్క సాయంత్రంలో కట్టి ఇచ్చాడు. ఆ రికార్డు దేశమంతా అమ్ముడుపోయింది. మొదటి రాయల్టీ చెక్కు 2,400 డాలర్ల 19 సెంట్లు. అప్పు తీర్చే దారి లేనివాడి చేతిలో అంత డబ్బు పడితే దానికి పాపమని పేరుపెట్టడం ఒడ్డున కూర్చున్నవాళ్ళకు సులభం. దాదాపు మరో నాలుగేళ్ళు బ్లూస్, భక్తి రెండూ పక్కపక్కనే నడిచాయి.

1930లో మళ్ళీ షికాగోలో జరిగిన బాప్టిస్టు మహాసభలో, ఎవరూ కొనని ఆ పాటను విల్లీ మే ఫోర్డ్ స్మిత్ అనే గాయని పాడింది. సభ ఊగిపోయింది. ఆ సభలోనే 4,000 ప్రతులు అమ్ముడుపోయాయి. 1931లో ఎబెనేజర్ చర్చిలో థియొడోర్ ఫ్రైతో కలిసి ఒక పాటల బృందాన్ని తయారుచేశాడు. మరుసటి ఏడు పిల్‌గ్రిమ్ బాప్టిస్టు చర్చి తన బృందానికి ఆయన్ని నాయకుణ్ణి చేసుకుంది.

పెద్ద చర్చిలకు ఇది మింగుడుపడలేదు. హాండెల్, మెండెల్‌సన్ వంటి ఐరోపా విద్వాంసుల కృతులను కాగితం చూసి కదలకుండా మెదలకుండా పాడటమే నాగరికతని అక్కడివారు నమ్మిన రోజులవి. పల్లెల నుంచి వలసవచ్చిన కూలిజనం చప్పట్లు కొడుతూ, ఊగుతూ పాడటం వాళ్ళకు నామోషీ. ఎన్నో చర్చిలు డోర్సీ ముఖం మీదే తలుపులు వేశాయి. నా మట్టుకు నాకు ఈ గొడవలో దేవుడికంటె హోదా ఎక్కువ కనిపిస్తుంది. వరస ఎక్కడ పుట్టిందన్నదే పెద్దల బాధ, అది ఏం చేస్తోందన్నది కాదు.

1932 ఆగస్టు. నెట్టీ నిండు గర్భిణి. సెయింట్ లూయిస్‌లో సభలకు డోర్సీ పాడవలసి ఉంది. కారులో బయలుదేరి కొంతదూరం పోయాక పాటల పెట్టె మరిచిపోయినట్టు గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. నెట్టీ నిద్రపోతోంది. లేపడం ఇష్టంలేక పెట్టె తీసుకుని చప్పుడు చేయకుండా వెళ్ళిపోయానని తర్వాతి కాలంలో ఆయన చెప్పుకున్నాడు. సభలో ఉండగా తంతి వచ్చింది. కాన్పులో భార్య మరణించింది. పరుగున ఇంటికి వస్తే కొడుకు బతికే ఉన్నాడు. మర్నాటికి ఆ పసివాడు కూడా పోయాడు. తల్లినీ బిడ్డనూ ఒకే పెట్టెలో పాతిపెట్టారు.

దేవుడు తనకు అన్యాయం చేశాడనుకున్నాడు. భక్తిపాటలు ఇక చాలు, బ్లూస్‌కే తిరిగి పోదామనుకున్నాడు. కొన్ని రోజుల తర్వాత ఫ్రై ఆయన్ని ఒక సంగీతపు గదికి తీసుకువెళ్ళాడు. డోర్సీ పియానో ముందు కూర్చుని ఊరికే వేళ్ళు కదిలించసాగాడు. మెయిట్‌లండ్ అనే పాత చర్చి వరస వేళ్ళకు తగిలింది. దాన్ని సాగదీసి, విరిచి, బ్లూస్ మూలుగు నింపి, తన మాటలు పెట్టుకుంటూ పోయాడు. ఫ్రై విని దేవుణ్ణి పిలిచే చోట ఒక్క విశేషణం మార్చమన్నాడు. అదే ప్రెషస్ లార్డ్. అలసిపోయాను, చెయ్యి పట్టుకుని నడిపించమని వేడుకునే పాట. సినిమా వరసకు రాముడి పాట కట్టిన మా కుర్రాడు చేసినదీ, ఇదీ ఒకటేనని అనను. ఇక్కడ అరువు తెచ్చుకున్నది ఏదీ లేదు. చర్చి వరస తల్లి దగ్గర విన్నది, మూలుగు తన పెంపకంలోనిది, వేళ్ళు సారా దుకాణంలో అరగదీసినవి, దుఃఖం సొంతం.

ఆ తర్వాత డోర్సీ సొంతంగా పాటలు అచ్చువేసి అమ్మే సంస్థ పెట్టాడు. పాటలు రాయగలడు గాని లెక్కలు రావు. శాలీ మార్టిన్ అనే గాయని వచ్చి చిల్లర ఎక్కడ పోతోందో కనిపెట్టి వ్యాపారాన్ని దారిలో పెట్టింది. ఆయన అచ్చువేసిన కాగితాల మీద స్వరాలు బహు సులువుగా ఉండేవి. గాయకులు తమకు తోచినట్టు పెంచుకోవడానికి కావాలనే చోటు వదిలాడు. 1933లో గాస్పెల్ బృందాల జాతీయ మహాసభ ఏర్పడితే దశాబ్దాల తరబడి దానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. మహేలియా జాక్సన్ కోసం 1937లో రాసిన లోయలో శాంతి పాటను తర్వాత తెల్లజాతి గాయకుడు రెడ్ ఫోలీ, ఆపైన ఎల్విస్ ప్రెస్లీ పాడారు. మహేలియా 1971లో మన దేశానికి కూడా వచ్చి పాడింది.

1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్ ఆ రాత్రి సభలో ప్రెషస్ లార్డ్ వాయించమని కింద నిలబడ్డ వాద్యగాణ్ణి అడిగాడు. అంతలోనే తుపాకి గుండు తగిలింది. అంత్యక్రియల్లో మహేలియా ఆ పాటే పాడింది. నెట్టీ కోసం ఒక గదిలో పుట్టిన పాటను ఆనాడు ఒక జాతి మొత్తం పాడుకుంది.

డోర్సీ 1941లో మళ్ళీ వివాహం చేసుకుని పిల్లలను కన్నాడు. 1982లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ చిత్రంలో, ఎనభై దాటిన వయసులో, ఆయన్ని చూడవచ్చు. చివరి ఏళ్ళలో జ్ఞాపకశక్తి పోయింది. 1993 జనవరి 23న షికాగోలో కన్నుమూశాడు. భక్తిలోకి వచ్చినవాళ్ళు సాధారణంగా పాత బతుకును తిట్టిపోస్తారు. ఆయన మా రేనీ గురించి గాని, తాను కట్టిన బ్లూస్ పాటల గురించి గాని సిగ్గుపడలేదు. ఎవరడిగినా ఇష్టంగానే చెప్పేవాడు.