ఆటకు నియమం కూర్చిన వాల్టర్ కాంప్

అమెరికా ఫుట్‌బాల్ క్రీడకు పితృస్థానీయుడైన వాల్టర్ కాంప్ 1859 ఏప్రిల్ 7వ తేదీన కనెటికట్ రాష్ట్రంలోని న్యూ బ్రిటన్‌లో జన్మించినాడు. తండ్రి ఉపాధ్యాయుడు. 1876లో యేల్ విశ్వవిద్యాలయంలో చేరిన కాంప్ అచిరకాలంలోనే మేటి ఆటగాడైనాడు.

ఆనాటి ఆట రగ్బీకి మారురూపం, క్రమమెరుగని పెనుగులాట. జట్టుకు 11 మంది చాలునన్న కాంప్ ప్రతిపాదన 1880లో అంగీకృతమైనది. మూడు యత్నాలలో 5 గజాలు సాగలేని జట్టు బంతిని వదులుకోవలెనన్న నియమం కూడ అతని చొరవతోనే 1882లో వచ్చినది. ఆటకు క్రమం కుదిరినది.

కాని ఆ నియమంలోనే అనర్థబీజం దాగి యున్నది. 5 గజాల దూరానికి వేగం కంటె బరువే ఎక్కువ అక్కరకు వచ్చినది. 1888లో నడుము దిగువను పట్టి పడవేయుటకు అనుమతి లభించగా, ఆటగాండ్రు గుంపుగట్టి ఎదుటివారిపై విరుచుకుపడసాగినారు. 1892లో హార్వర్డు జట్టు బాణపుమొన వంటి వ్యూహం పన్ని యేల్ జట్టును ఢీకొన్నది. శిరస్త్రాణం ధరించవలెనన్న నిర్బంధమైనను ఆనాడు లేదు.

1905 అక్టోబరులో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కాంప్ మున్నగువారిని శ్వేతభవనానికి పిలిపించి మోటుతనం మాన్పవలెనని కోరినాడు. అయినను ఆ ఏడాది ఆట ముగియునాటికి సుమారు 18 మంది మరణించినట్లు పత్రికలు ప్రకటించినవి. వారిలో అధికులు పాఠశాల బాలురే. 5 గజాలను 10 గజాలు చేసినచో గుంపుదాడి నిష్ఫలమగునని కాంప్ వాదించినాడు. బంతిని ముందుకు విసరుట అతనికి అంతగా రుచించలేదు. 1906లో రెండు మార్పులును అమలులోనికి వచ్చినవి.

మొదటి ప్రపంచయుద్ధకాలంలో కాంప్ నౌకాదళ శిక్షణ శిబిరాలలో వ్యాయామ పర్యవేక్షకుడైనాడు. పరికరాలతో పనిలేని 12 తేలిక వ్యాయామాలను అతడు రూపొందించగా, అవి గ్రామఫోను రికార్డుల ద్వారా ఇంటింటికి చేరినవి. 1925 మార్చి 14వ తేదీన, నియమ నిర్ణాయక సంఘ సమావేశాలకై న్యూయార్కులో ఉండగా, నిద్రలోనే కన్నుమూసినాడు.

కాంప్ కాలంలో 200 పౌండ్ల ఆటగాడు మహాకాయుడు. నేడు వృత్తి జట్ల ముందువరుసలో 300 పౌండ్లు దాటుట సామాన్యం. వారిలో స్థూలకాయులకు హృద్రోగ మరణ భయం హెచ్చని 1994లో అమెరికా ప్రభుత్వ పరిశోధన తేల్చినది. ఆటకు నియమం కూర్చినవాడు ఆటగాని దేహాన్ని సైతం తీర్చుచున్నాడని కాంప్ జీవితం తెలుపుచున్నది. పిల్లలను మైదానానికి పంపు పెద్దలు మరువరాని పాఠమిది.