రాజా దీనదయాళు

చార్మినారును, చౌమహల్లా ప్రాసాదమును, ఫలక్‌నుమా మేడను నేటికిని కన్నులార చూడవచ్చును. కాని నూటముప్పది యేండ్లనాడు ఆ ప్రాసాదములలో ఎట్టి అలంకారము లుండెనో, నిజాము కొలువులో ఎవరెట్లు కూర్చుండిరో, 1908వ సంవత్సరమున మూసీనది పొంగి పట్టణమును ముంచుటకు పూర్వము హైదరాబా దెట్లుండెనో తెలియవలెనన్న ముఖ్యముగా ఒక్కని కెమెరాను ఆశ్రయింపవలెను. ఆయనయే రాజా దీనదయాళు.

దీనదయాళు హైదరాబాదువాడు కాడు. 1844లో మీరటు సమీపమునగల సర్ధానా పట్టణమున ఒక జైన కుటుంబమున జన్మించెను. వారిది రత్నముల వ్యాపారము. ఆయన ఆ త్రోవ విడిచి, రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరునందు పబ్లిక్ వర్క్సు శాఖలో కొలువునకు కుదిరెను. కట్టడములకు వ్యయపు అంచనాలు వేయుట, పటములు గీయుట అచట ఆయన పని. గోడ నిటారుగా నున్నదా, కమాను సమముగా వచ్చినదా యని చూచుటకు అలవాటుపడిన కన్ను అది. పిమ్మట కెమెరా వెనుక నిలిచినపుడు ఆ చూపు వృథాపోలేదు.

1874లో, ముప్పదియేండ్ల వయస్సున, ఆయన ఛాయాచిత్రకళను చేపట్టెను. ఆనాటి కెమెరా యనగా ముందు కటకమును, వెనుక గాజుపలకయు గల కఱ్ఱపెట్టె. ఎదుటనున్న వస్తువు కటకము గుండ వచ్చి, వెనుకనున్న గరుకుగాజుపై తలక్రిందుగా కనబడును. ఛాయాగ్రాహకుడు తలపై నల్లగుడ్డ కప్పికొని, ఆ తలక్రిందుల బొమ్మను చూచుచునే స్పష్టత కుదుర్చుకొనవలెను. అంతటితో తీరలేదు. తేటగాజుపలకపై కొలోడియను అను జిగురుద్రవమును సమముగా పోసి, చీకటిగుడారములో వెండిలవణము కలిపిన నీటిలో ముంచి, తడి యారకముందే కెమెరాలో అమర్చవలెను. కటకపు మూత తీసి, కొన్ని క్షణములు వెలుగు సోకనిచ్చి, వెంటనే మరల గుడారమునకు కొనిపోయి మందునీటితో కడుగవలెను. ఇదంతయు పదినిమిషములలోపల ముగియవలెను. మధ్యభారతపు ఎండలో తడి యెంతసేపు నిలుచును? ఒక్క ధూళికణము పడినను పలక చెడిపోవును. ఎదుట కూర్చున్నవారు కదలినచో ముఖమే చెదరిపోవును. 1880 ప్రాంతమున ముందుగానే సిద్ధపరచిన పొడిపలకలు వాడుకలోనికి వచ్చిన పిమ్మటగాని ఈ ప్రయాస తగ్గలేదు.

ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరును, ఆంగ్లాధికారి సర్ హెన్రీ డేలీయు ఆయనను ప్రోత్సహించిరి. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ అను అధికారితో మధ్యభారతమున సంచరించి, ప్రాచీనములైన కోటలను, దేవాలయములను చిత్రించెను. ఆ చిత్రములు 1886లో గ్రంథరూపమున వెలువడినవి.

ఈ నడుమ ఆయన ఒక నిర్ణయము చేయవలసివచ్చెను. సర్కారు ఉద్యోగమున నెలనెలకు జీతము నిశ్చయము. కెమెరాను నమ్ముకొన్నవానికి అట్టి నిశ్చయము లేదు. పలకలు, మందులు, పనివారు అన్నియు ఖర్చే. దీనదయాళు మొదట దీర్ఘకాలము సెలవు తీసికొని, పిదప కొలువునే విడిచెను. నలుబదియేండ్లు దాటిన సంసారికి అది చిన్నసాహసము కాదు.

హైదరాబాదు ఆయనను ఆదుకొనెను. 1885లో ఆరవ నిజాము మీర్ మహబూబు అలీఖాను ఆస్థానమున ఛాయాగ్రాహకుడుగా నియమితుడయ్యెను. మరుసటి యేడు సికిందరాబాదులో స్టూడియో వెలసెను. దర్బారులు, పులివేటలు, సైన్యపు కవాతులు, ప్రాసాదములలోని దీపవృక్షములు, ఒకటేమి, ఆస్థానపు వైభవమంతయు ఆయన పలకల కెక్కెను. నిజాము 1894లో ఆయనకు రాజా బహాదూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదు నొసగెను. ముసవ్విరు అనగా చిత్రకారుడు.

అయితే కెమెరా చొరరాని లోకమొకటి ఆ నగరమున నుండెను. ఘోషా పాటించు కుటుంబముల స్త్రీలు పరపురుషుని యెదుటికి రారు. పురుషుడు తీయనిదే చిత్రము లేదు. దీనదయాళు 1892లో హైదరాబాదునందు స్త్రీలకు ప్రత్యేకముగా జనానా స్టూడియో నెలకొల్పెను. చుట్టును ఎత్తైన గోడలు కట్టించి, నిర్వహణమును కెన్నీ-లెవిక్ అను ఆంగ్లవనిత కప్పగించెను. లోపల పనిచేయువారందరును స్త్రీలే. స్త్రీల ఆచారమును మార్చుమనక, తన పద్ధతినే ఆయన మార్చుకొనుట ఇందలి విశేషము.

ఆస్థానమున నున్నవాడు వైభవమునే చూచెననుటయు పూర్ణసత్యము కాదు. 1899-1900 నాటి కరవున ఔరంగాబాదులో ఎముకలు తేలియున్న జనులను కూడ ఆయన స్టూడియో చిత్రించెను. అద్దపు దీపములను చూపిన కెమెరాయే ఆ డొక్కలను కూడ చూపెను.

1896లో బొంబాయిలో మఱియొక స్టూడియో తెఱచెను. మరుసటి యేట విక్టోరియా మహారాణి ఛాయాగ్రాహకుడను గౌరవమును లభించెను. 1905వ సంవత్సరము జూలై 5వ తేదీన బొంబాయిలోనే మృతినొందెను. ఆయన పలకలలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము కొని భద్రపరచినది. ఆ పలకలపై ఆకాశము నల్లగను, నీడలు తెల్లగను ఉండును. కాగితముపై అచ్చొత్తినపుడు వెలుగు వెలుగుగను, నీడ నీడగను మారి ఆనాటి హైదరాబాదు కనబడును.