ఒక్క వన్నెలో లోకమును చూపిన రాజా దీన్ దయాళ్

మన పాఠశాలల గోడలపైనను, పాత ఇండ్ల నడవలలోను అద్దపు పటములలో వెనుకటి కాలపు ఛాయాచిత్రములు తరచుగా కనిపించును. వానిలో ఆకాశము నీలము గాదు. ఆకు పచ్చన గాదు. నేల ఎఱ్ఱన గాదు. అన్నియు పండిన చింతకాయ పెంకువంటి ఒక్కటే కపిలవర్ణము. విద్యార్థి వానిని చూచి, ఆనాటివారికి రంగులు చిక్కలేదు గదా యని జాలిపడును. ఆ జాలి కొంతవరకు న్యాయమే. కాని చిక్కిన ఆ ఒక్క వన్నెతోనే రాజసభల వైభవమును, అంతఃపురముల నిశ్శబ్దమును, కరవునాటి ఆకలిని వేరువేరుగా చూపరుల మనస్సునకు తాకునట్లు చేసిన శిల్పి యొకడు మన తెలుగునేలపై ఇరువది యేండ్లకు దగ్గరగా పనిచేసెను. ఆయనయే రాజా దీన్ దయాళ్.

దీన్ దయాళ్ 1844వ సంవత్సరమున మీరట్ సమీపమునందలి సర్ధనా పట్టణమున ఒక జైన కుటుంబమున జన్మించెను. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, 1866 ప్రాంతమున ఇండోరు నగరమున మరామత్తు శాఖలో ఉద్యోగమున ప్రవేశించెను. కట్టడములకు అంచనాలు వేయుటయు, నక్షాలు గీయుటయు ఆయన పని. కొలత తప్పని కన్ను, గీత చెదరని చేయి ఆ ఉద్యోగమునందే అలవడినవి. తరువాతి కాలమున ఆయన తీసిన కోటల చిత్రములలోను, దేవాలయముల చిత్రములలోను స్తంభము నిటారుగా నిలుచుటకును, ప్రాకారము పక్కకు వ్రాలకుండుటకును ఆ పూర్వాభ్యాసమే మూలమని చెప్పవచ్చును.

1874 ప్రాంతమున ఆయన కెమెరాను చేపట్టెను. మొదట అది తీరిక వేళల ముచ్చటయే. కాని ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరును, మధ్యభారతమున ఆంగ్ల ప్రభుత్వ ప్రతినిధిగా నుండిన సర్ హెన్రీ డాలీయును ఆయన పనిని మెచ్చి ప్రోత్సహించిరి. 1875-76లో వేల్సు యువరాజు భారతదేశమునకు వచ్చినప్పుడు ఆ పర్యటన చిత్రములు తీయు అవకాశము లభించెను. డాలీ తరువాత ఆ పదవికి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట 1882లో బుందేల్‌ఖండ్ ప్రాంతమంతయు తిరిగి ప్రాచీన కట్టడములను చిత్రించెను. ఆ చిత్రములతో గ్రిఫిన్ వెలువరించిన గ్రంథము 1886లో లండనున ప్రకటింపబడి ఆయన పేరును సముద్రముల కావలికి చేర్చినది.

ఛాయాచిత్రమునకు ఆ ఒక్క వన్నె ఎట్లు కలుగునో తెలియనిదే ఆయన పనితనము బోధపడదు. ఆ కాలమున ఫిలిము లేదు. గాజు పలకపై కొలోడియన్ అను జిగురుద్రవమును పలుచగా పోసి, వెండి నత్రితపు నీటిలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో నుంచి వెలుగు చూపి, వెంటనే చీకటి గుడారములో కడుగవలెను. ఎండకాలమున ఆ తడి ఎంతసేపు నిలుచునో మన ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1880 తరువాత పొడిపలకలు వ్యాప్తిలోనికి వచ్చి ఈ శ్రమ కొంత తగ్గెను. గాజుపై ఏర్పడిన ప్రతిబింబమున వెలుగు చీకటిగను, చీకటి వెలుగుగను ఉండును. దానిని, కోడిగ్రుడ్డు తెల్లసొనయు ఉప్పును పూసి వెండి నీటితో తడిపి ఆరబెట్టిన కాగితముపై పరచి ఎండలో నుంచినచో అసలు చిత్రము తేలును. పిమ్మట హైపో ద్రావణములో కడిగి స్థిరపరతురు. ఈ కాగితము సహజముగా ఎఱుపు కలిసిన గోధుమవన్నె నిచ్చును. స్థిరపరచుటకు ముందు బంగారు లవణపు నీటిలో నుంచినచో ఆ ఎఱుపు తగ్గి, ఊదాచాయ గల నిండు కపిలవర్ణము కలుగును. ఎంతసేపు నుంచవలెనో నిర్ణయించునది పనివాని కన్ను. వన్నె ఒక్కటియే యైనను, అది వెచ్చగా నుండవలెనా, చల్లగా నుండవలెనా యను ఎన్నిక ఇచ్చటనే జరుగును.

దీనికి పోలిక మన ఊళ్లలోనే కలదు. కరీంనగరు పనివారలు వెండిని వెండ్రుకవంటి తీగగా సాగదీసి, చుట్టలు చుట్టి, లతలుగా అల్లి, పన్నీరుబుడ్లను, పెట్టెలను, పళ్లెములను చేయుదురు. ఆ నగిషీలో వెండి తప్ప రెండవ రంగు లేదు. తీగకును తీగకును నడుమ విడిచిన సందులోని నీడయే అందము. నిర్మల్ చిత్రకారులు నల్లని నేలపై బంగరు మెఱుగును నిలిపి, చీకటిలో దీపము వెలిగినట్లు బొమ్మను పైకి తెత్తురు. వెండియు నీడయు కలిసి కరీంనగరు నగిషీ యగునట్లే, వెండి లవణమును వెలుగును కలిసి దీన్ దయాళ్ చిత్రములైనవి.

ఆనాటి పలకకు మరియొక స్వభావము గలదు. అది నీలమును మిక్కిలి త్వరగా గ్రహించును. ఎఱుపును దాదాపుగా గ్రహింపదు. పచ్చదనమును మందముగా గ్రహించును. అందుచేత నీలాకాశము చిత్రమున వట్టి తెలుపుగా మారును, మబ్బులు మాయమగును. ఫాల్గుణమున మోదుగులు పూచి ఎఱ్ఱబారిన ఆదిలాబాదు అడవిని అట్టి పలకపై చిత్రించినచో అగ్నివంటి ఆ పూలన్నియు నల్లని ముద్దలుగా కనిపించును. కరీంనగరు చెలకల ఎఱ్ఱమన్ను బొగ్గువలె నగును. కనుక ఆనాటి ఛాయాచిత్రకారుడు కంటికి కనిపించు రంగులను మనస్సులో చెరిపివైచి, ఏది తెలుపగును, ఏది నలుపగును, ఏది నడుమ నిలుచును అని ముందుగా ఊహింపవలసి యుండెను. ఈ ఊహాశక్తియే దీన్ దయాళ్ ప్రజ్ఞకు ప్రాణము.

1880వ దశకము నడుమ ఆయన తన జీవితమున పెద్ద సాహసమునకు పూనుకొనెను. ప్రభుత్వోద్యోగము నెలనెల జీతము నిచ్చును. ఛాయాచిత్రకళ ఎప్పుడు తిండి పెట్టునో చెప్పలేము. అయినను ఆయన సెలవు తీసికొని, తుదకు ఉద్యోగమునే విడిచి, కళనే జీవనోపాధిగా స్వీకరించెను. 1886లో సికింద్రాబాదున ఆయన చిత్రశాల నెలకొనెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆదరించి ఆస్థాన ఛాయాచిత్రకారునిగా చేసికొని, 1894లో రాజా బహాదూర్ ముసవ్వర్ జంగ్ అను బిరుద మొసగెను. ఆయన కళను మెచ్చుచు నిజాము ఉర్దూలో ఒక ద్విపదను సైతము రచించెను. విక్టోరియా రాణి నుండియు గుర్తింపు లభించెను. 1893లో అమెరికా దేశమునందలి షికాగో ప్రదర్శనమునకు ఆయన చిత్రములు పోయి బహుమానము నందెను. 1896లో బొంబాయిలో మరియొక చిత్రశాల వెలసెను. కుమారులైన జ్ఞానచంద్, ధరంచంద్ తండ్రికి కుడియెడమలై నిలిచిరి.

ఆ కాలపు ఘోషా స్త్రీలు పరపురుషుని యెదుట నిలుచుట లేదు. వారి రూపములు కాలగర్భమున కలిసిపోవలసినదే యని అందరును అనుకొనుచుండగా, 1892లో దీన్ దయాళ్ హైదరాబాదున స్త్రీలకు మాత్రమే ప్రత్యేకించిన చిత్రశాలను నెలకొల్పెను. ఎత్తైన గోడల నడుమ నుండిన ఆ శాలను కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనిత నిర్వహించెను. కెమెరా వెనుక పనిచేయువారును స్త్రీలే. తన చేతులతో తీయలేని చిత్రమునకై తగిన చేతులను సమకూర్చుటయు కళాకారుని ధర్మమే యని ఆయన గుర్తించెను.

హైదరాబాదు రాజప్రాసాదముల చిత్రములను చూడుడు. ఫలక్‌నుమా, బషీర్‌బాగ్ భవనముల విశాలమైన గదులు, దీపగుచ్ఛములు, నిలువుటద్దములు, తివాసీలు. నిజముగా అక్కడ పచ్చలు, కెంపులు, నీలములు ఎన్నియో యుండెను. అవన్నియు ఒక్క కపిలవర్ణమున కరగిపోగా మిగిలినది కిటికీ నుండి లోనికి జారు వెలుగును, మూలల నిలిచిన నీడయు మాత్రమే. మనుష్యుడు లేని ఆ గదులను చూచినప్పుడు వైభవముతోపాటు ఒక నిశ్శబ్దమును, ఒక ఏకాకితనమును తోచును. రంగులున్నచో చూపు తివాసీ పైనో, తెర పైనో నిలిచిపోయి యుండును. రంగు తొలగుటచేత భావము బయటపడినది.

అదే వన్నె మరియొక చోట మరియొక కథను చెప్పెను. 1899-1900లో దక్కనును భయంకరమైన క్షామము క్రమ్మెను. నిజాము రాజ్యమున మరాఠ్వాడా ప్రాంతము మిక్కిలి నలిగెను. ప్రభుత్వము జరిపిన సహాయకార్యములను చిత్రించు పని దీన్ దయాళ్ సంస్థకు లభించెను. రాళ్లు కొట్టుచు, చెరువులు త్రవ్వుచు, గంజికై వరుసలు తీరిన జనులు ఆ చిత్రములలో కలరు. అవి ప్రభుత్వము కోరి తీయించుకొన్నవి. పాలకుల దయను లోకమునకు చాటుట వాని ఉద్దేశము. అందుచేత వానిలో వరుసలు చక్కగా తీర్చబడియుండును. అధికారులు మర్యాదగా నిలుచుందురు. కాని బక్కచిక్కిన దేహములను ఆ కపిలవర్ణము దాచలేదు. ఎండిన నేల, ఎండిన ఒడలు, ఎండిన చెట్టు ఒక్కటే వన్నెలో కలిసిపోగా, మనుష్యుడును మన్నును వేరు గానట్లు తోచును. అల్లికవంటి ప్రాసాద దృశ్యమును మెచ్చిన కన్నే ఇచ్చట తలవంచుకొనును. చిత్రము తీయించినవారి తలపు ఒకటి, చిత్రము చెప్పు సత్యము మరియొకటి కావచ్చునని ఉపాధ్యాయులు విద్యార్థులకు తెలుపుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

1902 ఏప్రిలులో రాజప్రతినిధి కర్జను ప్రభువు నిజాము రాజ్యమునకు వచ్చి, ఓరుగల్లు ప్రాంతమునందలి నెక్కొండ అడవులలో పులివేట సల్పెను. చచ్చిన పులి వెనుక కర్జను దంపతులు నిలిచిన చిత్రము దేశదేశములలో ప్రసిద్ధికెక్కినది. నాడు ఆ ఘనకార్యమును చూడవలసిన చూపరి, నేడు నేలపై పడియున్న పులినే చూచుచున్నాడు. ఉత్తరమున ఎలగందుల, సిర్పూరు-తాండూరు అడవులకు నాటికింకను కాజీపేట నుండి రైలుమార్గము పడలేదు. బండెడు గాజుపలకలను, మందులను, నీళ్లను మోసికొని పోవలసిన ఆనాటి ఛాయాచిత్రకారునకు రైలు ఎంత ముఖ్యమో ఊహింపవచ్చును. రైలు చేరిన చోటులు చిత్రములైనవి. చేరని చోటులు చాలవరకు జ్ఞాపకములుగనే మిగిలినవి.

దీన్ దయాళ్ తుదిదినములు సుఖముగా గడువలేదు. 1904లో కుమారుడు ధరంచంద్ మరణించెను. ఆ మరుసటి యేడే, 1905 జులై 5వ తేదీన, బొంబాయిలో దీన్ దయాళ్ కన్నుమూసెను. ఎలగందుల జిల్లా కరీంనగరు జిల్లాగను, సిర్పూరు-తాండూరు ఆదిలాబాదు జిల్లాగను మారినది కూడ ఆ సంవత్సరమే. జ్ఞానచంద్ తండ్రి పనిని కొనసాగించినను, సంస్థకు పూర్వపు వెలుగు తిరిగి రాలేదు.

మిగిలినది గాజు. తరతరములుగా కుటుంబమువారు కాపాడిన 2,857 గాజుపలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించెను. 2006లో భారత తపాలాశాఖ ఆయన స్మారకముగా తపాలాబిళ్లను వెలువరించెను. తెల్లసొన కాగితపు చిత్రములు మాత్రము కాలముతో పచ్చబారుచు, వెలుగు చోటుల సన్నని వివరములను కోల్పోవుచుండును. వానిని కాపాడుటకు చీకటియు, చల్లదనమును, శ్రద్ధయు కావలెను. మన ఇండ్లలో గోడకు ఎండ తగులునట్లు వ్రేలాడు తాతల చిత్రములకును ఇదియే ధర్మము.

నేడు చేతిలో నిముడు ఫోనే కోట్ల వన్నెలను క్షణమున పట్టుచున్నది. ఒక్క వన్నె ఇప్పుడు విధి విధించిన లోపము గాదు. కోరి చేసికొను ఎన్నిక. విద్యార్థి ఒకనాటి ఉదయమున పాఠశాల ఆవరణములోని వేపచెట్టును రంగులతో నొకసారి, రంగులు తొలగించి యొకసారి చిత్రించి చూచినచో, మొదటిదానిలో చెట్టు కనిపించును. రెండవదానిలో ఆ ఉదయము కనిపింపవచ్చును. కనిపింపనిచో మధ్యాహ్నమున, మరల సాయంకాలమున ప్రయత్నింపవలెను. వెలుగు కొరకు వేచియుండుట నేర్చిన దినమున, గాజుపలక తడి ఆరకముందే పని ముగింపవలసిన ఆ పెద్దాయన ఓర్పును, తొందరయు రెండును విద్యార్థికి అనుభవమునకు వచ్చును.