శరచ్చంద్రుని జీవితము - నవలలందు స్థలప్రభావము

హౌరా నుండి ఖరగ్‌పూరునకు పోవు రైలుమార్గమున, హౌరాకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున దేఉల్టి అను చిన్న స్టేషను కలదు. 20వ శతాబ్ది ఆరంభమున బెంగాల్-నాగపూర్ రైల్వేవారి కర్మాగారములు ఖరగ్‌పూరున నెలకొనగా, తెలుగుదేశపు ఉత్తరమండలముల నుండి పెక్కుమంది వచ్చి ఆ పట్టణమున స్థిరపడిరి. వారు కలకత్తాకు పోవు దారిలోనిది ఈ స్టేషను. దానికి సమీపమున, రూపనారాయణ నదీతీరమునందలి సామ్తాబేడ్ గ్రామమున, తెలుగు పాఠకులు తమవానిగా భావించుకొన్న వంగ నవలాకారుడు శరచ్చంద్ర చటోపాధ్యాయుడు తన జీవితపు చివరి భాగమును గడపెను. కరుణరసపోషణమే అతని ప్రతిభకు ప్రమాణమని సాధారణముగ చెప్పుదురు. కాని ఆ పాత్రలు ఏ ఊరిలో, ఎవరి కన్నులయెదుట దుఃఖించుచున్నవో విచారించినపుడే ఆ కరుణకు మూలము తెలియును.

శరచ్చంద్రుడు 1876 సెప్టెంబరు 15న హుగ్లీ మండలమునందలి దేవానందపురమున పేదకుటుంబమున జన్మించెను. తండ్రి మోతీలాలు సాహిత్యాభిలాషి. రచనలనేకము ఆరంభించి ముగింపక విడిచినవాడు. ఏ ఉద్యోగమునను నిలకడ లేనివాడగుటచే కుటుంబము భాగల్పూరునందలి మాతామహుల ఇంట చేరవలసివచ్చెను. ఉమ్మడికుటుంబపు కట్టుబాట్లు ఒకవైపు, గంగానదీతీరపు స్వేచ్ఛ మరొకవైపు ఆ బాలుని పెంచినవి. రాత్రివేళ పడవపై గంగలో సంచరించు సాహసి ఇంద్రనాథుడు 'శ్రీకాంత' ప్రథమభాగమున ఈ తీరమునుండియే వచ్చెను. 1894లో ప్రవేశపరీక్షయందు కృతార్థుడయ్యును, ధనాభావముచే శరచ్చంద్రుడు పైచదువు మానుకొనెను. 1895లో తల్లి మరణించెను.

భాగల్పూరు దినములలో వ్రాసి 1917లో ప్రకటించిన 'దేవదాసు'లో పల్లెకును కలకత్తాకును నడుమ జరుగు రాకపోకలే కథకు నడక. ఇరుగుపొరుగు ఇండ్లవారైనను, కులమర్యాదలలోని తారతమ్యము నాయికానాయకులను వేరుచేయును. తుదకు రోగపీడితుడగు దేవదాసు పాండువా స్టేషనున రైలు దిగి, ఎడ్లబండిపై హాతిపోతాకు చేరి, పార్వతి అత్తవారింటి వాకిట ప్రాణము విడుచును. రైలుమార్గము అతనిని ఆమె చేరువకు తెచ్చెను. జమీందారు గృహద్వారము ఆమెను వెలికి పోనీయలేదు. ఆ విషాదము పూర్తిగా స్థలనిర్మితమైనది.

1903లో శరచ్చంద్రుడు జీవనోపాధికై ఓడనెక్కి రంగూనునకు పోయెను. మొదట రైల్వే లెక్కల కచ్చేరిలోను, పిదప ప్రభుత్వ కట్టడపుశాఖ లెక్కల కార్యాలయమునను గుమాస్తాగా పనిచేసెను. మిస్త్రీలు, కార్మికులు వసించు పేటలో కాపురముండి, వారికి ఉత్తరములు వ్రాసిపెట్టుచు, హోమియోపతి మందులిచ్చుచుండెను. అచటనే భార్య శాంతిదేవిని, శిశువగు కుమారుని మహామారి బలిగొనెను. 1912లో ఇల్లు దగ్ధమై 'చరిత్రహీన్' వ్రాతప్రతి భస్మమయ్యెను. అతడు దానిని తిరిగి వ్రాసెను. నాటి రంగూను ఓడరేవున మూటలు మోయు శ్రామికులలో తెలుగువారు అధికసంఖ్యాకులు. జాతికులభేదములుగల జనులు కలసి బ్రతుకు ఆ నగరమున వంగదేశపు పల్లెలోని తీర్పరులు లేరు.

ఈ భేదము శరచ్చంద్రుని కథలందు ఎంతటి పని చేసెనో ఇరువురు స్త్రీలను పోల్చినచో స్పష్టమగును. 'పల్లీసమాజ్'లో వితంతువగు రమ రమేశుని ప్రేమించుచున్నను, ఊరివారి నిందకు వెరచి న్యాయస్థానమున అతనికి ప్రతికూలముగ సాక్ష్యమిచ్చును. వర్షపునీరు నిలిచి రైతుల వరిచేలు మునిగినపుడు గట్టు తెగకొట్టనిమ్మని రమేశుడు వేడినను, చేపలు పోవునను లెక్కచే ఆమె అంగీకరింపదు. అచట గట్టు, చెరువు, వెలి అనునవి కథాంగములు. 'శ్రీకాంత' ద్వితీయభాగమున అభయ భర్తను వెదకుచు బర్మాకు పోయి, అతని క్రౌర్యమును చవిచూచి, రోహిణితో కలసి బ్రతుక నిశ్చయించును. అభయ ధైర్యము ఆమెదే. కాని ఆ ధైర్యము ఆచరణమగుటకు సముద్రము దాటిన నగరము కావలసివచ్చెను. రమకు అట్టి చోటు లేదు. కథాంతమున ఆమె కాశికి పోవును.

1916లో శరచ్చంద్రుడు స్వదేశమునకు మరలి హౌరాలో నివసించెను. 1921 నుండి హౌరా మండల కాంగ్రెసునకు అధ్యక్షుడయ్యెను. 1926లో సామ్తాబేడ్ గృహమున స్థిరపడెను. ఆ సంవత్సరమే గ్రంథరూపమున వెలువడిన 'పథేర్ దాబీ' రంగూనునందలి విప్లవకారులను, కార్మికులను చిత్రించెను. 1927లో ప్రభుత్వము దానిని నిషేధించెను. ఆ సంవత్సరముననే ఖరగ్‌పూరున రైల్వే కార్మికులు గొప్ప సమ్మె సాగించిరి. ఈ రెంటికిని కార్యకారణసంబంధము కల్పింపరాదు. కాని నవలలోని కార్మికపేటవంటి లోకము రచయిత ఇంటికి సమీపమునందలి రైలుమార్గపు అవతలి కొననే యుండెనని గమనింపవచ్చును. 'మహేశ్' కథలో గఫూరు అనావృష్టిపాలైన పల్లెలో తన ఎద్దును తానే చంపుకొని, ఒకప్పుడు తాను నిరాకరించిన జనపమిల్లుకే కూతురితో రాత్రివేళ తరలిపోవును. ఈ ప్రస్థానము విముక్తి కాదు. పల్లె అతనిని వెడలగొట్టెను. చోటు మారినంతనే మేలు కలుగునని శరచ్చంద్రుడు నమ్మలేదనుటకు ఇదియే సాక్ష్యము.

1936లో ఢాకా విశ్వవిద్యాలయము అతనికి డాక్టరు బిరుదమొసగెను. 1938 జనవరి 16న కలకత్తాలో అతడు మరణించెను. 'పథేర్ దాబీ'పై నిషేధము 1939లో తొలగెను.

చక్రపాణి ప్రభృతుల అనువాదములచేతను, 1953 నాటి 'దేవదాసు' చలనచిత్రముచేతను అతడు తెలుగు ఇండ్లలోనివాడయ్యెను. వంగదేశపు పల్లె మనకు పరాయిదిగా తోపకుండుటకు అనువాదకుల నేర్పు ఒక కారణము. వెలి, ఉమ్మడికుటుంబము, ఊరివారి చూపు మనకును తెలిసినవగుట మరియొక కారణము. అయినను పేర్లు మార్చి పాత్రలను మాత్రము తీసికొని, గట్టును, రైలుస్టేషనును, జమీందారు వాకిలిని విడిచినచో మిగులునది కన్నీరు మాత్రమే. ఆ కన్నీటికి కారణము ఆ స్థలమునందే కలదు. భారతీయ నవలలను పోల్చిచూచువారు పాత్రయొక్క మనస్సుతోపాటు ఆ పాత్రకు ఊరు విడిచిపోవు దారి యున్నదా, లేదా అనుటనుకూడ విచారింపవలెను.